యానో కారుకు ఫెరారీ పేరు

మోటార్ రేసింగ్ చరిత్రలో తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. ఇటలీలోని లాంచియా కంపెనీ 1954లో డి50 అనే ఒంటి సీటు రేసు కారును బయటికి తెచ్చింది. ఆలోచన గొప్పదే గానీ ఆ కారుకు కుదురు లేదు, తోలేవాడి మాట వినదు. డబ్బు అయిపోయి లాంచియా చేతులెత్తేస్తే ఎన్జో ఫెరారీ ఆ కార్లను తీసుకున్నాడు. మరనెల్లోలోని ఆయన ఇంజనీర్లు అందులోని వింతలన్నీ పీకేసి, కారును దారిలో పెట్టి, 1956లో హువాన్ మాన్యుయెల్ ఫాంజియో చేతికిచ్చారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చింది. కాబట్టి ముడిసరుకు లాంచియాది, గెలిచిన కారు ఫెరారీది.

ఈ కథ తప్పు. చిన్న వివరాల్లో తప్పడం కాదు, మొదలంటా తప్పు. 1956లో గెలిచిన కారులోని సత్తా దాన్ని గీసిన విత్తోరియో యానో బల్ల మీదే పుట్టింది. మరనెల్లోలో దానికి చేరింది కొంత, దాని నుంచి పోయింది చాలా. ఆ పోయినదాన్ని కూడా మెరుగుల కింద లెక్కగట్టడం ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. దాంతో ఒక మహా ఇంజనీరుకూ, ఆయన్ని నమ్మి ఉన్నదంతా ఊడ్చిపెట్టిన ఒక కంపెనీకీ రావలసిన పేరు మరొకరి ఖాతాలో జమైంది.

డి50 ఏదో అనుభవం లేని కంపెనీ ఆశపడి కట్టిన కారన్నట్టు మాట్లాడేవాళ్ళు ముందు యానో ఎవరో గుర్తు చేసుకోవాలి. హంగేరీ మూలాలున్న కుటుంబంలో 1891లో పుట్టిన ఈ ఇటాలియన్ ఇంజనీరు 1923లో ఫియట్ నుంచి ఆల్ఫా రోమియోకు వచ్చాడు. ఆయన్ని అటు రప్పించడంలో అప్పట్లో ఆల్ఫా మనిషైన ఎన్జో ఫెరారీ చెయ్యి కూడా ఉంది. మరుసటి ఏడాదే యానో పి2 కారు తయారైంది. 1925లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ తయారీదార్ల ఛాంపియన్‌షిప్ ఆ కారుదే. 1932లో వచ్చిన ఆయన పి3ని గ్రాండ్ ప్రీ రేసుల్లో తొలి అసలైన ఒంటి సీటు కారుగా చెప్పుకుంటారు. 1935లో జర్మనీలోని న్యూర్బుర్గ్‌రింగ్‌లో మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లను వాళ్ళ సొంత గడ్డ మీదే ఓడించి తాజియో నువోలారి గెలిచింది పి3లోనే. 1937లో ఆల్ఫా ఆయన్ని పంపించేస్తే లాంచియా చేర్చుకుంది.

లాంచియా కూడా సామాన్యమైన కంపెనీ కాదు. వ్యవస్థాపకుడు విన్చెంజో లాంచియా 1937లో చనిపోయాక, కొన్నాళ్ళకు కొడుకు జాన్ని పగ్గాలు పట్టాడు. వి ఆకారంలో ఆరు సిలిండర్ల ఇంజన్‌ను ప్రపంచంలో మొదటిసారి మామూలు కార్లలో పెట్టి అమ్మింది వాళ్ళే, 1950 నాటి అవురేలియాలో. రెండు సీట్ల రేసు కార్లలోనూ చెయ్యి తిరిగినవాళ్ళే. వాళ్ళ డి24లో ఫాంజియో 1953లో మెక్సికోలోని కరేరా పానమెరికానా గెలిచాడు, ఆల్బెర్తో అస్కారి 1954లో మిల్లె మిల్యా గెలిచాడు. అస్కారి అంటే 1952, 1953 సంవత్సరాల ప్రపంచ ఛాంపియన్. రెండు టైటిళ్ళూ ఇచ్చిన ఫెరారీని వదిలి, ఇంకా తయారే కాని కారు కోసం లాంచియాకు వెళ్ళాడాయన. 1954 సీజన్‌లో చాలాభాగం ఆ కారు కోసం ఎదురుచూస్తూ, మధ్యలో అరువు కార్లలో మూడు రేసులు తోలుతూ గడిపాడు.

ఎదురుచూడదగ్గ కారే అది. 1954 నుంచి ఫార్ములా వన్‌లో ఇంజన్ పరిమాణం రెండున్నర లీటర్లకు పరిమితమైంది. ఫెరారీ నాలుగు సిలిండర్లతో వచ్చింది, మాసెరాటి ఆరింటితో, మెర్సిడెస్ ఒకే వరసలో ఎనిమిదింటితో. యానో ఎనిమిది సిలిండర్లను నాలుగేసి చొప్పున రెండు వరసలుగా, 90 డిగ్రీల కోణంలో అమర్చాడు. 2,488 సీసీల ఈ వి8 ఇంజన్ దాదాపు 250 హార్స్‌పవర్ ఇచ్చేది. అంతకన్నా ముఖ్యం దాని పొట్టితనం. ఇంజన్ పొట్టిదైతే కారు పొట్టిదవుతుంది, తేలికవుతుంది. డి50 బరువు 620 కిలోల ప్రాంతంలో ఆగింది.

ఆ రోజుల్లో రేసు కారంటే ఇనుప గొట్టాలతో ఒక చట్రం అల్లి, ఇంజన్‌ను అందులో కూర్చోబెట్టడం. ఇంజన్ తన బరువు తాను మోయదు, చట్రమే దాన్ని మోస్తుంది. యానో ఇంజన్‌తోనే పని చేయించాడు. చట్రం ముందుభాగంలో పైన ఉండాల్సిన గొట్టాలు తీసేసి, ఆ చోటును ఇంజన్ దిమ్మతోనే భర్తీ చేశాడు. ముందు చక్రాల నుంచి వచ్చే ఒత్తిడి నేరుగా ఇంజన్ మీదుగా వెనక్కి పోతుంది. అక్కర్లేని ఉక్కు పోయింది, కారు బిగువూ తగ్గలేదు. ఆ పైన ఇంజన్‌ను కారు పొడవుకు సమాంతరంగా కాక 12 డిగ్రీలు ఏటవాలుగా పెట్టాడు. దానివల్ల వెనక చక్రాలకు శక్తి తీసుకుపోయే షాఫ్ట్ డ్రైవరు కింద నుంచి కాకుండా పక్క నుంచి పోతుంది, సీటు నేలకు దగ్గరగా దిగుతుంది. గేర్‌బాక్సునూ క్లచ్‌నూ వెనక ఇరుసు దగ్గరికి చేర్చాడు.

అయినా డి50ని చూడగానే గుర్తుపట్టేది వీటిలో దేనివల్లా కాదు. కారుకు రెండు పక్కలా, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య వేలాడే ఆ పొడవాటి ట్యాంకుల వల్ల. ఈ కథలోని తగువంతా వాటి చుట్టూనే తిరుగుతుంది కనుక వాటి దగ్గర కాస్త ఆగాలి.

అప్పటి గ్రాండ్ ప్రీ రేసు ఇంచుమించు 500 కిలోమీటర్లు సాగేది, లేదా మూడు గంటలు. ఆల్కహాల్ కలిపిన ఇంధనాన్ని ఇంజన్లు ధారపోసినట్టు తాగేవి. రేసు మొదట్లో కారులో వంద కిలోలకు బాగా మించిన ఇంధనం ఉండేది. మిగతా అందరూ దాన్ని కారు తోకలో, వెనక ఇరుసుకు అవతల మోసేవాళ్ళు. అంటే రేసు మొదలైనప్పుడు కారు వెనక బరువు, ముందు తేలిక. గంట గడిచేసరికి వరస మారుతుంది. చివరి ల్యాపుల్లో అది మరో కారు. మొదటి ల్యాపులో ఏ మలుపుకు ఎక్కడ బ్రేకు వేశాడో, ఆఖరి ల్యాపులో అక్కడే వేస్తే కుదరదు. డ్రైవరు గంటల తరబడి మారిపోతున్న కారుతో ప్రతి ల్యాపులోనూ కొత్తగా సర్దుబాటు చేసుకోవాలి. యానో ఇంధనాన్ని నాలుగు చక్రాల నడుమకు తెచ్చాడు. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా బరువు ముందుకూ వెనక్కూ పంచుకునే తీరు దాదాపు ఒక్కటే. పైగా ఆ ట్యాంకులు చక్రాల మధ్య సుడులు తిరిగే గాలిని కూడా కొంత సరిదిద్దాయి. వింత కోసం చేసిన పని కాదిది. బరువు ఎక్కడుంటే కారు ఎలా నడుస్తుందో లెక్కగట్టి చేసిన పని.

ఇక ఆ కారు రేసుల్లో ఏం చేసిందో చూద్దాం. కుదురులేనిదన్న ముద్రకు జవాబు అక్కడే ఉంది.

లాంచియా కార్లుగా డి50లు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొన్నది నాలుగే రేసుల్లో. మొదటిది 1954 అక్టోబర్ 24న బార్సిలోనాలోని పెద్రాల్బెస్ వీధుల్లో. అంతకుముందు ఒక్క రేసూ చూడని ఈ కారుతో అస్కారి పోల్ పొజిషన్ సాధించాడు, ఆ ఏడాది ఛాంపియన్‌గా అప్పటికే తేలిన ఫాంజియో మెర్సిడెస్‌ను ఒక సెకను వెనక వదిలి. రేసులో ముందుకు దూసుకెళ్ళి, ల్యాపు ల్యాపుకూ దూరం పెంచుకుంటూ పోయాడు. పదో ల్యాపు ప్రాంతంలో క్లచ్ పాడై ఆగిపోయాడు. ఆ రోజు అందరికన్నా వేగవంతమైన ల్యాపు మాత్రం ఆయన పేరే. రెండోది 1955 జనవరిలో అర్జెంటీనా. అక్కడా మొదటి వరసలో నిలిచి, ముందంజలో ఉండగా కారు జారి బయటికి పోయింది. మూడోది మొనాకో, మే 22న. క్వాలిఫైయింగ్‌లో అస్కారి సమయమూ ఫాంజియో సమయమూ ఒక్కటే, 1 నిమిషం 41.1 సెకన్లు. నాలుగోది జూన్ 5న బెల్జియంలోని స్పా. అప్పటికి లాంచియా జట్టు మూతపడే స్థితిలో ఉంది. పట్టుబట్టి ఒక్క కారు తెచ్చుకున్న 24 ఏళ్ళ యూజేనియో కాస్తెల్లొత్తి, మెర్సిడెస్‌లోని ఫాంజియోనూ స్టిర్లింగ్ మాస్‌నూ దాటి పోల్ పొజిషన్ కొట్టేశాడు. రేసులో గేర్‌బాక్స్ పోయింది.

నాలుగు రేసులు, నాలుగింటా మొదటి వరస, రెండు పోల్ పొజిషన్లు, ఒక చోట పోల్‌కు సరిసమానమైన సమయం. ఎదురుగా ఉన్నది ఎవరు? ఆ రెండేళ్ళలో మిగతా అందరినీ మట్టి కరిపించిన మెర్సిడెస్ డబ్ల్యూ196. దాన్ని నిలకడగా వేగంలో ఢీకొట్టిన కారు ఆ కాలంలో మరొకటి లేదు. ఫెరారీ సొంత కార్లు 1955 మొత్తంలో గెలిచింది ఒక్క మొనాకోయే, అదీ మెర్సిడెస్‌లు ఆగిపోయి, అస్కారి సముద్రంలో పడ్డాక.

ఛాంపియన్‌షిప్ బయటి రేసుల్లో లెక్క ఇంకా బాగుంది. 1955 మార్చి 27న లాంచియా సొంత ఊరు టురిన్‌లోని వాలెంతీనో పార్కులో అస్కారి గెలిచాడు. మే 8న నేపుల్స్‌లో మళ్ళీ గెలిచాడు. ఈ మధ్యలో ఫ్రాన్స్‌లోని పౌ రేసులో చాలాసేపు ముందుండి, బ్రేకు గొట్టం తెగి ఐదో స్థానానికి పడిపోయాడు. అక్కడ కాస్తెల్లొత్తి డి50లోనే రెండో స్థానంలో వచ్చాడు.

క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకు గొట్టం. కొత్త కారుకు వచ్చే రోగాలివి, ఆలోచనలోని లోపాలు కావు. మెర్సిడెస్‌కూ తొలినాళ్ళ కష్టాలు వచ్చాయి. 1954లో సిల్వర్‌స్టోన్‌లో చక్రాలు కూడా కప్పేసిన దాని రేకు బాడీలోంచి ఫాంజియోకు మలుపు అంచులు కనపడక, ట్రాకు పక్కన పెట్టిన పీపాలకు గుద్దుకుంటూ నాలుగో స్థానంలో ముగించాడు. దాని వల్ల మెర్సిడెస్ చెడ్డ కారని ఎవరూ అనలేదు. వాళ్ళకు డబ్బూ సమయమూ ఉన్నాయి, సరిచేసుకున్నారు. లాంచియాకు ఆ రెండూ దక్కలేదు.

మొనాకో ప్రమాదాన్ని డి50 దుర్మార్గానికి సాక్ష్యంగా చూపేవాళ్ళున్నారు. వంద ల్యాపుల రేసులో ఎనభై దాటాక మాస్ ఇంజన్ పేలిపోయి, ఆధిక్యం అస్కారికి దక్కబోతున్న నిమిషంలో ఆయన కారు రేవులోకి దూకింది. ఆయన ఈదుకుంటూ బయటపడ్డాడు. నాలుగు రోజులకే, మే 26న మోంజాలో ఒక కారును సరదాగా పరీక్షిస్తూ చనిపోయాడు. ఆ కారు లాంచియా కాదు, ఫెరారీ వాళ్ళ రెండు సీట్ల 750 మోంజా. సముద్రంలో పడిన కారును తప్పుపట్టేవాళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటుంది. అదే మొనాకోలో, అదే రకం కారులో కాస్తెల్లొత్తి వంద ల్యాపులూ పూర్తి చేసి రెండో స్థానంలో నిలిచాడు.

అస్కారి మరణంతో లాంచియా నడుం విరిగింది. అప్పులు అప్పటికే మెడ మీద ఉన్నాయి. జూన్ 11న ల మాన్‌లో ఎనభై మందికి పైగా ప్రాణాలు తీసిన ప్రమాదం తర్వాత ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, స్పెయిన్ గ్రాండ్ ప్రీలు రద్దయ్యాయి. 1955 జూలై 26న టురిన్‌లో ఆరు డి50లనూ, విడిభాగాలనూ, నమూనా చిత్రాలనూ ఫెరారీకి అప్పగించారు. యానో కూడా సలహాదారుగా వాటి వెంటే వెళ్ళాడు. ఇదే ఏర్పాటులో భాగంగా ఫియట్ ఏడాదికి 5 కోట్ల లీరాల చొప్పున ఐదేళ్ళు ఫెరారీకి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఎన్జో ఫెరారీకి దొరికింది మూలపడిన సరుకు కాదు. యూరప్‌లో మెర్సిడెస్‌కు దీటైన ఏకైక కారు, దాన్ని గీసిన మనిషి, నడపడానికి డబ్బు. ఇవన్నీ ఒకే రోజు ఆయన చేతికొచ్చాయి.

ఆ సెప్టెంబరులో మోంజాలో జరిగింది కూడా డి50 మీదికే నెట్టారు. లాంచియా ఈ కారును పిరెల్లీ టైర్లతో నడిపింది. ఫెరారీకి బెల్జియం కంపెనీ ఎంగ్లెబెర్ట్‌తో ఒప్పందం ఉంది. మోంజా ఎత్తు గోడ మలుపుల మీద ప్రాక్టీసులో జుసెప్పే ఫరీనా కారు టైరు చీలి పెద్ద ప్రమాదమైంది. డి50లను రేసు నుంచి తప్పించారు. టైరు తప్పుకు కారు నింద మోసింది. అదే నెలలో ఇంగ్లండ్‌లోని ఓల్టన్ పార్కులో మైక్ హాథార్న్ డి50 తోలి రెండో స్థానంలో వచ్చాడు.

ఆ తర్వాత మొదలయ్యాయి మరనెల్లో మార్పులు. ఇంధనాన్ని పక్క ట్యాంకుల నుంచి తీసి తోకలోకి మార్చారు. పక్కన మిగిలినవి బోలు డొల్లలు. వాటిని ఒంటికి అతికించి, పొగ గొట్టాలు వాటి గుండా పోనిచ్చారు. ఇంజన్ మోస్తున్న భారాన్ని దాని మీద నుంచి తీసేసి అదనపు గొట్టాలకు అప్పగించారు. వెనక సస్పెన్షన్ మార్చారు. యానో ఏయే పనులు వద్దనుకున్నాడో అవన్నీ తిరిగి వచ్చాయి. కారు ఫెరారీలా తయారైంది.

ఇక్కడ ప్రత్యర్థుల బలమైన వాదానికి జవాబు చెప్పాలి. ఈ మార్పులకు ఒక కారణం ఉంది, అది ఉత్తుత్తి కారణం కాదు. బరువంతా నడుమకు చేరిన కారు చురుగ్గా మలుపు తిరుగుతుంది. పట్టు తప్పిందా, అంతే చురుగ్గా గిర్రున తిరిగిపోతుంది. ఆనాటి డ్రైవర్లు మలుపుల్లో కారును జార్చుకుంటూ, స్టీరింగుతోనూ యాక్సిలరేటరుతోనూ దాన్ని పట్టి ఉంచుతూ తోలేవాళ్ళు. తోకలో బరువున్న కారు నెమ్మదిగా జారుతుంది, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. అస్కారి అంతటివాడికే డి50 హెచ్చరిక లేకుండా జారిపోయేదన్నది నిజమే. కాబట్టి ఫెరారీ ఇంజనీర్లు డ్రైవర్లకు అలవాటైన కారును వాళ్ళకిచ్చారనడం న్యాయం. మెరుగైన కారునిచ్చారనడం వేరే మాట, దానికి వేరే రుజువు కావాలి.

ఆ రుజువుగా చూపేది 1956 ఫలితాలు. ఆ ఏడాది యూరప్, అర్జెంటీనా రేసులు ఏడింటిలో ఐదు ఈ కార్లే గెలిచాయి. అర్జెంటీనాలో లుయీజి ముస్సో కారు మధ్యలో తీసుకుని ఫాంజియో, బెల్జియంలోనూ ఫ్రాన్స్‌లోనూ పీటర్ కాలిన్స్, సిల్వర్‌స్టోన్‌లోనూ న్యూర్బుర్గ్‌రింగ్‌లోనూ మళ్ళీ ఫాంజియో. బలమైన లెక్కే. అయితే 1955కూ 1956కూ మధ్య మారింది కారు ఒక్కటే కాదు.

మెర్సిడెస్ 1955 చివర రేసింగ్ నుంచి తప్పుకుంది. యానో అసలు కారు ఎవరితో పోటీ పడిందో వాళ్ళిప్పుడు ట్రాకు మీదే లేరు. ఆ మెర్సిడెస్‌ను తోలి డి50ని అడ్డుకున్న మనిషి, ఫాంజియో, ఇప్పుడు డి50 సీట్లో కూర్చున్నాడు. ప్రపంచంలో అత్యుత్తమ ప్రత్యర్థి మాయమై, అత్యుత్తమ డ్రైవరు మన వైపు వస్తే, గెలుపును తోక ట్యాంకు ఖాతాలో రాయడానికి ఎంత ధైర్యం కావాలి!

స్పా సంగతే తీసుకోవచ్చు. 1955లో కాస్తెల్లొత్తి పోల్ సమయం 4 నిమిషాల 18.1 సెకన్లు. 1956లో ఫాంజియో సమయం 4 నిమిషాల 9.8. ఎనిమిది సెకన్లకు పైగా తేడా. ఫెరారీ పక్షం వాళ్ళకు ఇది బ్రహ్మాస్త్రంలా కనిపిస్తుంది. అయితే అదే రోజు, అదే జట్టులో, అదే రకం కారులో కాలిన్స్ ఫాంజియో కన్నా ఐదు సెకన్లకు పైగా వెనకబడ్డాడు, మాసెరాటిలోని మాస్ కన్నా కూడా నెమ్మదిగా తిరిగాడు. ఆ సీజన్‌లో ఈ కార్లకు వచ్చిన పోల్ పొజిషన్లు ఆరు. ఆరూ ఫాంజియోవే. కాలిన్స్‌కూ, ముస్సోకూ, కాస్తెల్లొత్తికీ ఒక్కటీ లేదు. 1955లో లాంచియా చేతుల్లో ఉండగా, ఎదుట మెర్సిడెస్‌లో ఫాంజియోనే కూర్చుని ఉన్నా, పోల్ కొట్టిన అదే కాస్తెల్లొత్తి ఇతను. మార్చిన కారు నిజంగా అంత మెరుగైతే, ఇప్పుడు మెర్సిడెస్ లేని మైదానంలో అతనికి ఒక్కటైనా దక్కాలి కదా?

టైటిలు కూడా ఏకపక్షంగా రాలేదు. ఫాంజియోకు 30 పాయింట్లు, మాస్‌కు 27. మోంజాలో చివరి రేసులో ఫాంజియో కారు చెడిపోతే, తనకే టైటిలు గెలిచే అవకాశం ఇంకా మిగిలున్న కాలిన్స్ తన కారు దిగి ఆయనకు ఇచ్చాడు. ఆ ఔదార్యం లేకపోతే లెక్క ఎంత బిగువుగా ఉండేదో ఊహించవచ్చు. మెర్సిడెస్ లేని ఏడాది, ఒక్కో రేసుకు నాలుగైదు కార్లు దించి, ఫాంజియోను కూర్చోబెట్టుకుని, చివరి మధ్యాహ్నం దాకా ఉత్కంఠ.

ఇన్ని కారణాలు కలిసిపోయిన 1956ను బట్టి ఎవరు గొప్పో తేల్చడం కష్టమని ఎవరైనా అంటే, సరే. తేల్చే ఏడాది మరొకటుంది. అది 1957. ఫెరారీని పొగిడే కథలు ఆ ఏడాది దగ్గరికి రాగానే పరుగు అందుకుంటాయి.

1957 నాటికి మరనెల్లో తన పని పూర్తి చేసింది. పక్క డొల్లలు కూడా పోయాయి. చట్రం కొత్తది, సస్పెన్షన్ కొత్తది, పేరు కూడా కొత్తది, 801. యానో ఆలోచనల్లో మిగిలినవి వి8 ఇంజనూ మరికొన్ని భాగాలూ. ఇంజన్ శక్తి 1954 కన్నా ఎక్కువే. పాతవాళ్ళ చాదస్తాలేవీ లేని, అచ్చమైన ఫెరారీ. అంటే ఆ కథ ప్రకారం ఇది అన్నిటికన్నా మంచి డి50 కావాలి. ఈ కారు 1957 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క రేసూ గెలవలేదు. సిరాక్యూజ్, నేపుల్స్, రీమ్స్‌లలో ఛాంపియన్‌షిప్‌కు చెందని రేసులు గెలిచింది, అంతే. ఫాంజియో మాసెరాటి 250ఎఫ్‌కు వెళ్ళి నాలుగు రేసులూ టైటిలూ తీసుకున్నాడు. మిగిలిన మూడూ ఇంగ్లండ్ వాన్‌వాల్‌కు పోయాయి. న్యూర్బుర్గ్‌రింగ్‌లో ఫాంజియో పిట్‌లో ఆలస్యమై ముప్పావు నిమిషం దాకా వెనకబడి, ల్యాపు రికార్డులు వరసగా బద్దలుకొడుతూ వచ్చి, చివరికి దాటింది ఎవరిని? కాలిన్స్‌నూ హాథార్న్‌నూ. వాళ్ళిద్దరూ తోలుతున్నవి 801లే. అందాకా నాలుగు సీజన్లు చూసిన మాసెరాటి, పూర్తిగా ఫెరారీగా మారిన డి50ని దాటిపోయింది.

యానో రూపం నుంచి ఎంత దూరం జరిగితే అంత నెమ్మదించిన కారును చూపించి, ఆ దూరమే దాని విజయ రహస్యమని ఎలా చెప్పగలం?

కార్లను బతికించిన ఘనత ఫెరారీదేనని ఒప్పుకోవాలి. లాంచియా దగ్గర ఉండి ఉంటే ఆరూ ఏదో గోదాములో తుప్పుపట్టేవి. రేసు తర్వాత రేసుకు కార్లు సిద్ధం చేయడం, గేర్‌బాక్సులు తట్టుకునేలా చూడటం, ఫాంజియో వంటివాణ్ణి జట్టులోకి తీసుకోవడం చిన్న పనులు కావు. జట్టు నడపడంలో ఎన్జో ఫెరారీ సమర్థుడు. ఆయన చేసిన పని పేరు జట్టు నడపడం. కారును కల్పించింది ఆయన కాదు, ఆయన దగ్గర అప్పటిదాకా ఉన్న ఇంజనీర్లూ కాదు.

మరి ఈ కథ ఇంతకాలం ఎందుకు నిలిచింది? ఒక కారణం పట్టికలు. ఏ పట్టిక చూసినా 1956 గెలుపుల ఎదురుగా ఫెరారీ అని ఉంటుంది. మరో కారణం, బతికున్నవాళ్ళ మాటే వినబడటం. ఫెరారీ ఇవాళ్టికీ రేసుల్లో ఉంది, తన చరిత్రను తానే ఘనంగా జరుపుకుంటుంది. జాన్ని లాంచియా కుటుంబం ఆ ఏడాదుల్లోనే కంపెనీని వదులుకుంది. అప్పగించిన డి50లలో ఇప్పుడు మిగిలినవి రెండే, రెండూ ఇటలీ మ్యూజియంలలో ఉన్నాయి. మిగిలినవాటిని మరనెల్లోలో విప్పేసి వాడుకున్నారు, పారేశారు. పక్క ట్యాంకులతో, భారం మోసే ఇంజన్‌తో తిరిగే డి50ని 801 పక్కన నిలబెట్టి పోల్చే అవకాశం కూడా చెప్పేవాళ్ళకు మిగలలేదు. అసలు కారు కళ్ళ ముందు లేనప్పుడు దాని గురించి ఏమైనా చెప్పొచ్చు.

యానో ఆలోచనలు పిచ్చివో ముందుచూపువో తర్వాతి పదేళ్ళు తేల్చాయి. 1962లో కాలిన్ చాప్‌మన్ లోటస్ 25 ఇంధనాన్ని డ్రైవరుకు రెండు పక్కలా, చక్రాల నడుమ మోసింది. 1967లో వచ్చిన లోటస్ 49లో కాస్‌వర్త్ వి8 ఇంజనే కారు వెనకభాగం. వెనక చక్రాల భారమంతా నేరుగా దాని మీదే పడుతుంది, దాని వెనక చట్రమనేది లేదు. చాప్‌మన్ యానోను చూసి చేశాడని ఎవరూ అనక్కర్లేదు. అవే లెక్కలు వేసిన ఎవరైనా అక్కడికే చేరతారు. ఇప్పటి ఫార్ములా వన్ కారు విప్పి చూసినా అంతే. ఇంజన్ చట్రంలో భాగం, ఇంధనం చక్రాల నడుమ. 1956లో మరనెల్లో చెత్తబుట్టలో వేసిన రెండు ఆలోచనలూ అవే.

కారును మార్చినా యానోను మాత్రం మరనెల్లో వదులుకోలేదు. ఆ తర్వాత ఫెరారీకి వి6 ఇంజన్ రూపొందించడంలో ఆయనే సలహాదారు. ఆ ఇంజన్‌తో వచ్చిన డీనో 246లో హాథార్న్ 1958 ఛాంపియన్ అయ్యాడు. 1954 నుంచి 1960 దాకా ఏడేళ్ళలో ఫెరారీ డ్రైవర్లకు దక్కిన ప్రపంచ టైటిళ్ళు రెండే, 1956ది, 1958ది. ఒకటి యానో కారులో వచ్చింది, రెండోది యానో చెయ్యి పడిన ఇంజన్‌తో వచ్చింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1935లో నువోలారి న్యూర్బుర్గ్‌రింగ్‌లో గెలిచిన పి3ని రేసుకు దించిన జట్టు పేరు స్కుదేరియా ఫెరారీ. కారు గీసింది యానో.